25 శాతం తగ్గిస్తామన్న షీన్ మాటకి అసలు అర్థం ఏంటి?

ఈ ఎపిసోడ్ మా పిన్ని కూతురు అడిగిన ఒక్క ప్రశ్న వల్ల పుట్టింది. తను డాలస్‌లో ఎంఎస్ చదువుతోంది. మొన్న వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే వెనకాల మంచం మీద ఐదారు ప్లాస్టిక్ ప్యాకెట్లు కనిపించాయి. "ఏంటే అవన్నీ?" అన్నాను. "షీన్‌లో ఆర్డర్ పెట్టా అన్నయ్యా. నా పార్ట్‌టైమ్ డబ్బులతో ఇక్కడ ఇంకెక్కడ కొనగలను చెప్పు?" అంది. నేను క్లైమేట్ అనీ, కార్బన్ అనీ ఏదో నసిగాను. వెంటనే తను, "వాళ్లు 2030 కల్లా 25 శాతం కార్బన్ తగ్గిస్తామన్నారు కదా! ఇంకేంటి ప్రాబ్లం?" అంది.

నిజం చెప్పాలంటే అప్పుడు నా దగ్గర జవాబు లేదు. 25 శాతం తగ్గించడం మంచిదే కదా అని నాకూ అనిపించింది. ఫోన్ పెట్టేశాక కూర్చుని చదవడం మొదలుపెట్టాను. కంపెనీ తానే బయటపెట్టిన అంకెలు, ఫ్రాన్స్, ఇటలీ ప్రభుత్వ సంస్థలు వేసిన జరిమానాల వివరాలు చూశాను. చదివాక అర్థమైంది, ఆ 25 శాతం అనే మాట నిజమే అయినా సరే, దాని వెనక చాలా పెద్ద కథ ఉందని. ఈ రోజు ఆ కథ చెప్తాను. ఇది అర్థమైతే షీన్ ఒక్కటే కాదు, ఏ బట్టల కంపెనీ గ్రీన్ అని చెప్పినా మీరే లెక్క చూసుకోగలరు.

ముందు షీన్ సంగతి

షీన్ చైనాలోని నాన్‌జింగ్‌లో మొదలైన కంపెనీ. ఇప్పుడు హెడ్డాఫీసు సింగపూర్. సొంత షోరూములు పెట్టి అమ్మే పద్ధతి కాదు వీళ్లది, ప్రధానంగా ఆన్‌లైన్‌లోనే వ్యాపారం. మన దగ్గర 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో పాటు 59 యాప్‌లను బ్యాన్ చేశారు కదా, ఆ లిస్టులో షీన్ కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో రిలయన్స్ రిటైల్ ద్వారా మళ్లీ ఇండియాలోకి వచ్చింది. ఇండియా సంగతి కొంచెం వేరు, దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మా చెల్లెలు కొనే షీన్ గురించి, అంటే అమెరికా, యూరప్‌లలో నడిచే షీన్ గురించి చూద్దాం.

కార్బన్ ఎవరి ఖాతాలో పడుతుంది?

కంపెనీలు కార్బన్ లెక్కని మూడు భాగాలుగా రాస్తాయి. స్కోప్ 1, స్కోప్ 2, స్కోప్ 3 అంటారు. పేర్లు వింటే పరీక్ష సిలబస్‌లా ఉంటుంది గానీ, విషయం చాలా సింపుల్.

మీ వీధిలో ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకోండి. అక్కడ పొయ్యి మీద కాలే గ్యాస్ స్కోప్ 1, అంటే తన చేతుల మీదుగా మండించింది. గ్రైండర్‌కి, ఫ్రిజ్‌కి వాడే కరెంట్ స్కోప్ 2. ఆ కరెంట్ తను తయారు చేయలేదు, కొన్నది. మిగతావన్నీ స్కోప్ 3. మినుములు, బియ్యం పండించడం, వాటిని లారీలో తేవడం, పార్సిల్ డబ్బాలు తయారవడం, డెలివరీ కుర్రాడి బైక్ పెట్రోల్, అన్నీ అందులోకే వస్తాయి.

బట్టల కంపెనీల్లో అసలు బరువంతా ఈ స్కోప్ 3లోనే ఉంటుంది. సాధారణంగా మొత్తం కార్బన్‌లో 90 శాతానికి పైగా ఇదే. ఎందుకంటే పెద్ద బ్రాండ్లలో చాలావాటికి సొంత ఫ్యాక్టరీలే ఉండవు. నూలు ఒకరు తీస్తారు, బట్ట ఒకరు నేస్తారు, రంగు ఇంకొకరు వేస్తారు, కుట్టేది మరొకరు. మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అపారెల్ సిటీ ఉంది కదా, అక్కడ వేలమంది ఆడపిల్లలు విదేశీ బ్రాండ్లకి బట్టలు కుడుతున్నారు. అక్కడ వాడే కరెంట్ ఆ ఫ్యాక్టరీ లెక్కలో స్కోప్ 2. అదే కరెంట్ ఆ విదేశీ బ్రాండ్ లెక్కలో స్కోప్ 3.

అందుకే ఒక కంపెనీ "మా ఆఫీసులన్నీ సోలార్ మీదే నడుస్తున్నాయి" అని చెప్తే సంతోషించండి గానీ, అక్కడితో ఆగిపోకండి. అది టిఫిన్ సెంటర్ వాడు బోర్డుకి ఎల్ఈడీ లైటు పెట్టినట్టు. మంచి పనే, కానీ పొయ్యి సంగతి, పప్పు సంగతి అలాగే ఉన్నాయి.

పాలిస్టర్, విమానం

ఇప్పుడు షీన్ స్కోప్ 3లో ఏముందో చూద్దాం. రెండు విషయాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది పాలిస్టర్. షీన్ 2023 రిపోర్టు ప్రకారం వాళ్లు వాడే బట్టలో 76 శాతం పాలిస్టరే. ఆ పాలిస్టర్‌లో రీసైకిల్ చేసినది 6 శాతం మాత్రమే. పాలిస్టర్ అంటే పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్. వాటర్ బాటిల్ చేసేదీ, ఈ దారం తీసేదీ ఒకటే పదార్థం. దాన్ని కరిగించి దారం తీయాలి. తర్వాత రంగు పట్టాలంటే సుమారు 130 డిగ్రీల వేడిలో, ప్రెషర్ మీద ఉడకబెట్టాలి. ఆ వేడి కోసం బాయిలర్లు నడుస్తాయి. ఆసియాలో చాలా చోట్ల ఆ బాయిలర్లలో మండేది బొగ్గే. అంటే బట్ట పుట్టుకలోనే చమురు, బొగ్గు రెండూ ఉన్నాయన్నమాట.

రెండోది విమానం. మామూలుగా బట్టల కంపెనీలు సరుకుని కంటైనర్లలో వేసి ఓడల్లో పంపుతాయి. చైనా నుంచి అమెరికా చేరడానికి వారాలు పడుతుంది. షీన్ పద్ధతి వేరు. మా చెల్లెలు డాలస్‌లో బటన్ నొక్కితే, చైనాలోని గోడౌన్‌లో ప్యాకెట్ కట్టి విమానం ఎక్కిస్తారు. ఒక టన్ను సరుకుని ఒక కిలోమీటరు మోయడానికి ఓడతో పోలిస్తే విమానం పదుల రెట్లు ఎక్కువ కార్బన్ వదులుతుంది. షీన్ రోజుకి సుమారు 5,000 టన్నుల సరుకు విమానాల్లో పంపుతోందని కార్గో ఫ్యాక్ట్స్ కన్సల్టింగ్ అనే సంస్థ 2024లో అంచనా వేసింది. పెద్ద కార్గో విమానం ఒక్కటి దాదాపు 100 టన్నులు మోస్తుంది. అంటే రోజుకి 50 విమానాల సరుకు!

దీని ఫలితం కంపెనీ సొంత లెక్కల్లోనే కనిపిస్తుంది. 2023లో షీన్ మొత్తం కార్బన్‌లో 38 శాతం ఒక్క రవాణాదే.

ఇంత ఖరీదైన విమానం ఎలా గిట్టుబాటు అయింది? ఒక కారణం కస్టమ్స్ రూలు. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిల్‌కి దిగుమతి సుంకం ఉండేది కాదు. కంటైనర్ నిండా తెస్తే సుంకం కట్టాలి, ఒక్కొక్క ప్యాకెట్‌గా నేరుగా కస్టమర్‌కి పంపితే అక్కర్లేదు. 2025 మే నెలలో చైనా, హాంకాంగ్ పార్సిళ్లకి ఆ మినహాయింపు తీసేశారు. అది వ్యాపార గొడవల్లో తీసుకున్న నిర్ణయం, వాతావరణం కోసం కాదు. కానీ ఒక చిన్న కస్టమ్స్ రూలు కార్బన్ లెక్కని ఎంత మార్చగలదో దీన్నిబట్టి చూడండి.

ఇప్పుడు అసలు 25 శాతం

షీన్ టార్గెట్ ఇది. 2023తో పోలిస్తే 2030 కల్లా స్కోప్ 3 కార్బన్ 25 శాతం తగ్గించాలి. 2050 కల్లా నెట్ జీరో. అంటే దాదాపు అంతా తగ్గించేసి, మిగిలిన కొద్దిపాటి కార్బన్‌కి సమానంగా గాలిలోంచి తీసేయాలన్నమాట. కంపెనీల టార్గెట్లను పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ వీటిని ఆమోదించింది కూడా.

బాగానే ఉంది కదా? ఒక్క పదం దగ్గర ఆగండి. "2023తో పోలిస్తే."

నేను నా స్క్రీన్ టైమ్ గురించి చెప్తాను. అంతకు ముందు ఏడాది రోజుకి నాలుగు గంటలు ఫోన్ చూసేవాణ్ణి అనుకోండి. పోయిన ఏడాది ఎనిమిది గంటలైంది. ఇప్పుడు మా అమ్మ దగ్గరికెళ్లి, "అమ్మా, పోయిన ఏడాదితో పోలిస్తే 25 శాతం తగ్గించేస్తా" అని మాటిచ్చాను. ఎనిమిదిలో 25 శాతం తీస్తే ఆరు గంటలు. మాట నిలబెట్టుకున్నాను, కానీ ముందు నాలుగు గంటలే చూసేవాణ్ణి కదా! మా అమ్మ అయితే ఊరుకోదు.

షీన్ విషయంలో కూడా ఇదే లెక్క. 2022లో వాళ్ల కార్బన్ సుమారు 90 లక్షల టన్నులు. 2023 రిపోర్టులో అది దాదాపు రెట్టింపై 1 కోటి 67 లక్షల టన్నులకి చేరింది. ఆ 1 కోటి 67 లక్షల్లోంచి 25 శాతం తీసేస్తే దాదాపు 1 కోటి 25 లక్షల టన్నులు. అంటే 2030 టార్గెట్ నూటికి నూరు శాతం సాధించినా, 2022లో ఉన్నదానికన్నా ఎక్కువే మిగులుతుంది. కంపెనీలు లెక్క పద్ధతి మార్చినప్పుడు పాత అంకెలు కూడా సవరిస్తుంటాయి, కాబట్టి టన్నులు అటూ ఇటూ అవ్వచ్చు. కానీ బాగా పెరిగిన ఏడాదిని మొదటి మెట్టుగా పెట్టుకుంటే తగ్గింపు పెద్దగా కనబడుతుంది అన్న విషయం మాత్రం మారదు. దీన్నే బేస్ ఇయర్ అంటారు. కంపెనీ ఇచ్చే మాటలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే.

పోల్చడానికి ఇంకో కంపెనీ చెప్తాను. హెచ్ అండ్ ఎం టార్గెట్ ఏంటంటే, 2019తో పోలిస్తే 2030 కల్లా 56 శాతం తగ్గించాలి. అందులో స్కోప్ 3 కూడా ఉంది. అలాగని అదేదో పుణ్యాత్ముల కంపెనీ అని నేను అనట్లేదు, అది కూడా ఫాస్ట్ ఫ్యాషనే. కానీ రెండు మాటలూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

మొత్తమా, ఒక్కో డ్రెస్‌కా?

ఇంకో మెలిక ఉంది. మళ్లీ మన టిఫిన్ సెంటర్‌కి వద్దాం. "ఒక్కో దోశకి నూనె సగానికి తగ్గించాం" అన్నాడనుకోండి. కానీ దోశలు రోజుకి 100 నుంచి 300 అయ్యాయి. నూనె డబ్బా ఖర్చు తగ్గిందా? లేదు, పెరిగింది. వాతావరణానికి కావాల్సింది డబ్బా లెక్క. ఒక్కో దోశ లెక్కతో దానికి పనిలేదు.

షీన్ ఇప్పుడు పెట్టుకున్న టార్గెట్ మొత్తం మీద లెక్కే, ఒక్కో డ్రెస్ లెక్క కాదు. ఆ విషయంలో ఒప్పుకోవాలి. కాకపోతే అందులోనే అసలు కష్టం కూడా ఉంది. 2030 లోపు అమ్మకాలు రెండింతలయ్యాయనుకోండి. అప్పుడు మొత్తం 25 శాతం తగ్గాలంటే ఒక్కో డ్రెస్ మీద కార్బన్ 60 శాతానికి పైగా తగ్గాలి. రోజూ వేలకొద్దీ కొత్త డిజైన్లు పెట్టి, కూపన్లు పంపి, "ఇంకో రెండు గంటలే" అని టైమర్ తిప్పుతూ అమ్మే వ్యాపారానికి ఇది ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఇప్పటిదాకా బండి ఎటు పోతోంది? 2024లో షీన్ రవాణా కార్బన్ తగ్గలేదు, 13.7 శాతం పెరిగింది. ఇది వాళ్ల సొంత రిపోర్టులోని అంకె.

జరిమానాలు

ఇదంతా నా ఒక్కడి అనుమానం కాదు. 2025 జులైలో ఫ్రాన్స్‌లోని వినియోగదారుల రక్షణ విభాగం షీన్ కంపెనీకి 4 కోట్ల యూరోల జరిమానా వేసింది. ముఖ్య కారణం మోసపూరితమైన డిస్కౌంట్లు. దాంతో పాటు, కార్బన్ 25 శాతం తగ్గిస్తున్నామన్న మాటకి కంపెనీ ఆధారాలు చూపలేకపోయిందని కూడా చెప్పింది. మా చెల్లెలు చెప్పిన అదే 25 శాతం!

ఆ తర్వాతి నెలలో, 2025 ఆగస్టులో, ఇటలీ కాంపిటీషన్ అథారిటీ ఇంకో 10 లక్షల యూరోలు వేసింది. యూరప్‌లో షీన్ వెబ్‌సైట్లు నడిపే కంపెనీ మీద ఈ జరిమానా. వాళ్లు చెప్పింది ముఖ్యంగా రెండు విషయాలు. ఒకటి, "ఎవాల్యూషీన్ బై డిజైన్" అనే గ్రీన్ కలెక్షన్ గురించి రాసిన రాతలు చూస్తే ఆ బట్టలు పూర్తిగా రీసైకిల్ అవుతాయేమో అనిపిస్తుంది, వాడిన దారాల ప్రకారం చూస్తే అది నిజం కాదు. రెండు, 2030కి 25 శాతం, 2050కి సున్నా అన్న మాటలు స్పష్టంగా లేవు, పైగా 2023, 2024ల్లో కార్బన్ నిజానికి పెరిగింది.

కంపెనీ ఏమంది? దర్యాప్తుకి పూర్తిగా సహకరించామని, విషయం తెలిసిన వెంటనే వెబ్‌సైట్‌లోని మాటలు సరిచేశామని చెప్పింది. షీన్ ఎప్పుడూ చెప్పే ఇంకో వాదన కూడా మీకు చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. వాళ్లు కొత్త డిజైన్‌ని ముందు 100, 200 పీసులు మాత్రమే కుట్టిస్తారు. అమ్ముడైతేనే మళ్లీ కుట్టిస్తారు. పాత కంపెనీల్లా లక్షల పీసులు కుట్టి, అమ్ముడవక పారేయడం ఉండదంటారు. ఇందులో నిజం ఉంది. అమ్ముడవని బట్ట పూర్తిగా వేస్టే కదా. కానీ అమ్ముడైన బట్ట ఎన్నిసార్లు వేసుకున్నాం అన్నది ఈ లెక్కలో రాదు. గోడౌన్‌లో మిగలాల్సిన బట్ట మన బీరువాలో మిగిలితే వాతావరణానికి ఒరిగిందేమిటి?

మరి ఇండియాలో?

రిలయన్స్ ద్వారా వచ్చిన షీన్‌కి యాప్ వేరు, నడిపేది రిలయన్స్, బట్టలు ఇక్కడే తయారవ్వాలన్నది ఒప్పందం. అంటే చైనా నుంచి విమానంలో ప్యాకెట్ వచ్చే తంతు ఉండదు. రవాణా వరకు ఇది పెద్ద తేడానే. కానీ పాలిస్టర్ ఎక్కడ చేసినా పాలిస్టరే. మన దేశంలో కరెంట్ సుమారు 70 శాతం పైనే బొగ్గు నుంచి వస్తోంది. కాబట్టి మేడ్ ఇన్ ఇండియా అనగానే గ్రీన్ అనేసుకోకండి. మన స్వదేశీ బ్రాండ్లనైనా ఇవే ప్రశ్నలు అడగాలి.

అడిగే హక్కు కూడా మనకి ఉంది. 2024 అక్టోబర్‌లో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ గ్రీన్‌వాషింగ్ మీద గైడ్‌లైన్స్ తెచ్చింది. ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, సస్టైనబుల్ లాంటి మాటలు వాడితే కంపెనీ దగ్గర ఆధారం ఉండాలి. ఆధారం లేదనిపిస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ చేయొచ్చు. నంబర్ సేవ్ చేసుకోండి.

ఐదు ప్రశ్నలు

ఈసారి ఏ బట్టల యాప్‌లో పచ్చ ఆకు బొమ్మ కనబడినా ఈ ఐదూ అడగండి. ఒకటి, ఏ ఏడాదితో పోల్చి తగ్గిస్తామంటున్నారు? రెండు, మొత్తం కార్బనా, ఒక్కో పీసు లెక్కా? మూడు, స్కోప్ 3 కలిపారా, ఆఫీసు లైట్ల లెక్కేనా? నాలుగు, మాట ఇచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా తగ్గిందా, పెరిగిందా? ఐదు, ఎలా తగ్గిస్తారు? ఫ్యాక్టరీల బాయిలర్లు మార్చడానికి డబ్బు ఎవరు పెడతారు? ఐదో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ భారం చివరికి ఎక్కడో కుట్టే ఫ్యాక్టరీ మీదే పడుతుంది.

మళ్లీ మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఇదంతా చెప్పాను. "అయితే నేను కొనడం తప్పంటావా?" అంది. తప్పని నేను అనలేదు. చలికి జాకెట్ కావాలి, చేతిలో డబ్బు లేదు, తక్కువ ధరకి దొరికితే కొనుక్కోవడం తప్పెలా అవుతుంది? నేను అన్నదల్లా ఇదే. "నీకు అవసరమైంది కొనుక్కో, కొన్నది చిరిగేదాకా వేసుకో. కానీ ఆ 25 శాతం మాట చూసి మాత్రం కొనకు. ఆ మాట మీద నమ్మకం పెట్టుకునే రోజు ఇంకా రాలేదు."

కాసేపు ఆగి, "ఈ ప్యాకెట్లలో రెండు ఇంకా విప్పలేదు అన్నయ్యా. రిటర్న్ పెడితే మళ్లీ విమానం ఎక్కుతాయా?" అని అడిగింది. రిటర్న్ చేసిన బట్ట ఎక్కడికి పోతుంది అన్నది ఇంకో పెద్ద కథ. దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీ బీరువా ఒకసారి తెరిచి, ట్యాగ్ కూడా తీయని బట్టలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నా బీరువాలో మూడు ఉన్నాయి. సరే, ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.